మైక్రోస్ఫియర్లలో మందు ఎంతుంది? హెచ్‌పీఎల్‌సీ దాకా వెళ్లే ముందు ఏ దారి ఎంచుకోవాలి

మే నెలలో ఒక ఎం.ఫార్మసీ అమ్మాయి హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) గీసిన క్రోమటోగ్రామ్‌ల కట్ట పట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చింది. బాలానగర్ నుంచి ఆ ఎండలో రెండు బస్సులు మారి వచ్చింది. చేస్తున్నది పీఎల్‌జీఏ (ఒంట్లో నెమ్మదిగా విరిగిపోయే పాలిమర్) మైక్రోస్ఫియర్లు, అంటే సూక్ష్మ గోళాలు, లోపల ఉన్నది నీటిలో సరిగా కరగని స్టెరాయిడ్ మందు. ఎన్‌ట్రాప్‌మెంట్, అంటే వేసిన మందులో గోళాల లోపల చిక్కిన శాతం, సగం దాటడం లేదు. మూడు నెలలుగా పీవీఏ (గోళాలు ఒకదానికొకటి అతుక్కోకుండా కలిపే పదార్థం) శాతం మారుస్తోంది, స్టిర్రర్ వేగం మారుస్తోంది, మందు–పాలిమర్ నిష్పత్తి మారుస్తోంది. అంకె మాత్రం ఉన్నచోటే ఉంది.

"శాంపిల్ ఎలా తయారు చేశావమ్మా?" అని అడిగాను.

"పది మిల్లీగ్రాములు మిథనాల్‌లో వేసి అరగంట సోనికేట్ చేశాను సార్. తర్వాత ఫిల్టర్ చేసి ఇంజెక్ట్ చేశాను."

"అడుగున తెల్ల పొడి మిగిలిందా?"

"మిగిలింది సార్. పారేశాను."

ఆ మధ్యాహ్నమే మళ్లీ అదే పద్ధతిలో చేయించి, ఈసారి తెల్ల పొడిని పారేయనివ్వలేదు. సెంట్రిఫ్యూజ్ చేసి పైనున్న ద్రవం తీసి పక్కన పెట్టి, అడుగున అంటుకున్న పొడిని ఎసిటోనైట్రైల్‌లో కరిగించి, మిథనాల్‌తో పాలిమర్‌ని విరగ్గొట్టి, పై ద్రవాన్ని ఇంజెక్ట్ చేశాం. అదే రిటెన్షన్ టైమ్‌లో (మందు కాలమ్ నుంచి బయటికొచ్చే సమయం), మొదటిదానికి ఏమాత్రం తీసిపోని పీక్ లేచింది. ఆ అమ్మాయి ఫార్ములేషన్‌లో లోపం లేదు. మందు లోపలే ఉంది, బయటికి తీసే పద్ధతే తప్పు. పీఎల్‌జీఏ మిథనాల్‌లో కరగదు. ఎంతసేపు సోనికేట్ చేసినా (శబ్ద తరంగాలతో కుదిపినా) పైపొరల్లోని మందు వస్తుందేమో కానీ గోళం నడిబొడ్డున ఉన్నది రాదు.

మూడు నెలలు. ఒక ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి దొరికే సమయంలో అది ఎంత పెద్ద ముక్కో ఈ దారిలో నడిచినవాళ్లకి తెలుసు. ఏ కంపెనీ మెషీన్ మంచిది, ఏ కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) కొనాలి, యూపీఎల్‌సీకి (హెచ్‌పీఎల్‌సీలోనే వేగంగా నడిచే రకం) వెళ్లాలా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. నా దృష్టిలో అవన్నీ తర్వాతి మాటలు. గోళంలోంచి మందును పూర్తిగా ఎలా రప్పించాలి అన్నదే మొదటి ఎంపిక, అన్నిటికంటే పెద్ద ఎంపిక. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఇంత పట్టింపు ఎందుకు

ఒక్క ఇంజెక్షన్‌తో వారాలు, నెలలు పనిచేసే మందులివి. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి వాడే ల్యూప్రోలైడ్ మైక్రోస్ఫియర్లు, లుప్రాన్ డిపో, అమెరికాలో 1989లో అనుమతి పొందాయి. రిస్పెరిడోన్ మైక్రోస్ఫియర్లు, రిస్పెర్‌డాల్ కాన్‌స్టా, 2003లో వచ్చాయి. వాటి లేబుల్ మీద గ్రాము మైక్రోస్ఫియర్లకి 381 మి.గ్రా. రిస్పెరిడోన్ అని ఉంటుంది. నాల్‌ట్రెక్సోన్ వాడే వివిట్రాల్‌లో గ్రాముకి 337 మి.గ్రా., నెలకి ఇచ్చే మోతాదు 380 మి.గ్రా. రెండింటిలోనూ పాలిమర్ 75:25 పీఎల్‌జీఏ. మాత్రలో కొలత కాస్త తప్పితే రేపటి మాత్ర సర్దుకుంటుంది. ఇక్కడ ఒక్క సూదిలో నెల మోతాదు వెళ్లిపోతుంది, వెళ్లాక వెనక్కి తీయలేం. కాబట్టి గ్రాముకి ఎన్ని మిల్లీగ్రాములు అన్న ప్రశ్నకి మనమిచ్చే జవాబులో ఊహకి చోటు ఉండకూడదు.

ముందు పాలిమర్ ఏదో చూడండి

మందు కరిగే ద్రావకాన్ని వెతకడం అందరికీ అలవాటు. నేను మాత్రం పాలిమర్ దేనిలో కరుగుతుందో ముందు చూడమంటాను. గోళం పూర్తిగా కరిగిపోతే లోపల దాక్కోవడానికి మందుకి చోటే ఉండదు.

పీఎల్‌జీఏ 50:50, 75:25 రకాలు ఎసిటోనైట్రైల్, ఎసిటోన్, డీసీఎమ్ (డైక్లోరోమీథేన్), ఇథైల్ ఎసిటేట్, డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్)లలో కరుగుతాయి. నీటిలో, మిథనాల్‌లో, ఇథనాల్‌లో కరగవు. ఈ ఒక్క ముక్క గోడ మీద రాసిపెట్టుకోదగ్గది. స్ఫటిక స్వభావం ఉన్న పాలీ ఎల్-లాక్టిక్ యాసిడ్ ఎసిటోనైట్రైల్‌కి లొంగదు, దానికి డీసీఎమ్ లేదా క్లోరోఫామ్ కావాలి. పాలీకాప్రోలాక్టోన్‌కీ డీసీఎమ్మే నమ్మకమైనది. ఇథైల్ సెల్యులోజ్, యూడ్రాగిట్ ఆర్‌ఎస్ అయితే మిథనాల్‌లోనే కరిగిపోతాయి. బహుశా ఆ గోళాల మీద రాసిన పేపర్లలోంచే మిథనాల్ పద్ధతి అరువు తెచ్చుకుని మనవాళ్లు పీఎల్‌జీఏకీ వాడేస్తుంటారు.

కాల్షియంతో గట్టిపడిన ఆల్జినేట్ గోళాలది వేరే కథ. ఏ ఆర్గానిక్ ద్రావకమూ అక్కర్లేదు. సోడియం సిట్రేట్ ద్రావణంలోనో ఫాస్ఫేట్ బఫర్‌లోనో వేస్తే కాల్షియం విడిపోయి గోళం తనంతట తానే కరుగుతుంది. కైటోసాన్‌ని గ్లుటరాల్డిహైడ్‌తో క్రాస్‌లింక్ చేసి ఉంటే మాత్రం కరిగించే ఆశ వదులుకోవాలి. అక్కడ పదేపదే నానబెట్టి, కొత్త ద్రవంలోకి మందు రావడం ఆగిపోయేదాకా తీయడమే మార్గం.

మందు బయటికి తీసే దారులు

పీఎల్‌జీఏలో నీటిలో కరగని చిన్న అణువు ఉంటే నా ఓటు ఒకే పద్ధతికి: ఎసిటోనైట్రైల్‌లో కరిగించి, మిథనాల్‌తో పాలిమర్‌ని విరగ్గొట్టడం. 10 మి.గ్రా. గోళాలని నేరుగా 10 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లోకి తూచి, 1 మి.లీ. ఎసిటోనైట్రైల్ పోసి, ఒక్క రేణువు కూడా కనబడకుండా కరిగేదాకా ఆగండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, మందు కూడా కరిగే రకమైతే ద్రావణం నీళ్లలా తేటగా ఉండాలి. తర్వాత మిథనాల్‌ని కొంచెం కొంచెంగా, ఫ్లాస్క్ తిప్పుతూ పోయాలి. పాలు విరిగినట్టు తెల్లటి పోగులు కనిపిస్తాయి. అదే పాలిమర్. మార్కు దాకా నింపి, బాగా కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి పై ద్రవం తీసుకుంటే చాలు.

మిథనాల్‌ని ఒక్కసారిగా గుమ్మరిస్తే పాలిమర్ ముద్దలా గడ్డకట్టి మందుని కూడా తనతో చుట్టేసుకుంటుంది. నీళ్లు పోసి విరగ్గొట్టాలని చూస్తే నష్టం రెండింతలు, ఎందుకంటే నీటిలో కరగని మందు కూడా పాలిమర్‌తో పాటే కిందికి దిగిపోతుంది. అందుకే మొదటిసారి చేసేటప్పుడు పెలెట్‌ని, అంటే సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున మిగిలిన ముద్దని, తప్పకుండా దాచాలి. దాన్ని మళ్లీ ఎసిటోనైట్రైల్‌లో కరిగించి, అదే పద్ధతిలో విరగ్గొట్టి ఇంజెక్ట్ చేయాలి. అందులో మందు పీక్ లేకపోతే, లేదా పట్టించుకోనక్కర్లేనంత చిన్నదైతే పద్ధతి పనిచేసినట్టు. పెద్దగా వస్తే ద్రావకాల పాళ్లు మార్చాలి. ఒక్క అదనపు ఇంజెక్షన్‌తో తేలిపోయే ఈ పరీక్ష చేయని థీసిస్‌లు ఎన్నో చూశాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

మందు నీటిలో కరిగేదైతే, ముఖ్యంగా పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) అయితే, పద్ధతి తిరగబడుతుంది. గోళాలని డీసీఎమ్‌లో కరిగించి, మందుని నీటి పొరలోకి లాగాలి. ఇక్కడ అనుభవమంతా మన వంటింట్లోనే ఉంది. చింతపండు పులుసు తీసేటప్పుడు ఒక్కసారి పిసికి వదిలేయం కదా. పిప్పిలో పులుపు ఇంకా ఉంటుందని రెండోసారి నీళ్లు పోసి పిసుకుతాం, అవసరమైతే మూడోసారి కూడా. డీసీఎమ్ పొరదీ అదే తీరు. ఒక్కో విడతకి ఉన్నదాంట్లో 80 శాతం నీటిలోకి వస్తుందనుకుందాం. మొదటి విడతకి 80, రెండో విడతకి మొత్తం 96, మూడో విడతకి 99.2 శాతం. ఒక్కసారి తీసి ఆపేసినవాడు ఐదో వంతు మందుని డీసీఎమ్‌లోనే వదిలేసి, ఎన్‌ట్రాప్‌మెంట్ తక్కువని బాధపడతాడు.

పీహెచ్ సరిగ్గా ఎంచుకుంటే ఈ పని సులువవుతుంది. రిస్పెరిడోన్ లాంటి క్షార స్వభావం ఉన్న మందుకి 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ నీటి పొరగా పెడితే మందు అయానుగా మారి నీటి వైపు దిగుతుంది. డైక్లోఫినాక్ లాంటి ఆమ్ల స్వభావం ఉన్నదానికి 7.4 బఫర్. ల్యూప్రోలైడ్, ఆక్ట్రియోటైడ్ లాంటి పెప్టైడ్‌లతో ఇంకో చిక్కుంది. పీఎల్‌జీఏ గొలుసు చివర ఆమ్ల గ్రూపు ఉన్న రకమైతే, ధనావేశం ఉన్న పెప్టైడ్‌ని అది పట్టుకుని వదలదు. ఉత్త నీళ్లతో తీస్తే తక్కువే వస్తుంది. ఆమ్లం కలిపిన బఫర్‌తో తీస్తే ఆ పట్టు సడలుతుంది.

డీసీఎమ్, నీళ్లు కలిపి కుదిపేటప్పుడు కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలక్కండి. గోళాల పైన మిగిలిపోయిన పీవీఏ ఇక్కడ ఎమల్సిఫయర్‌గా పనిచేస్తుంది. రెండు పొరల మధ్య తెల్లటి మీగడలాంటి పొర కట్టుకుంటే అందులో ఇరుక్కున్న మందు ఏ లెక్కలోకీ రాదు. ట్యూబుని నెమ్మదిగా తలకిందులు చేస్తూ కలపాలి. పొర కట్టనే కడితే సెంట్రిఫ్యూజ్ చేయాలి. నీటి పొరలో కూడా కొంచెం డీసీఎమ్ కరిగి ఉంటుంది, తక్కువ తరంగదైర్ఘ్యంలో అది తన సొంత పీక్ చూపిస్తుంది. మందు లేకుండా ఇదే పని చేసిన బ్లాంక్ ఒకటి పక్కన ఉంటే ఏ పీక్ ఎవరిదో తికమక పడక్కర్లేదు.

మూడో దారి క్షారంతో పాలిమర్‌నే ముక్కలు చేయడం. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో, తరచుగా ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్) కలిపి, గోళాలని రాత్రంతా ఉంచితే పీఎల్‌జీఏ లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) లాంటి ప్రొటీన్ల కోసం దీన్ని వాడి, తర్వాత బీసీఏ అనే రంగు పరీక్షతో మొత్తం ప్రొటీన్ కొలుస్తారు. ఆ పనికి ఇది మంచిదే. కానీ చిన్న అణువులకి, అందులోనూ ఎస్టర్ బంధం ఉన్న మందులకి దీని జోలికి వెళ్లకండి. పాలిమర్‌లో తెగేది ఎస్టర్ బంధమే, మందులో ఉన్నదీ ఎస్టర్ బంధమే అయినప్పుడు క్షారం ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని తుంచదు. పైగా మామూలు సిలికా సీ18 (18 కార్బన్ల గొలుసులు అతికించిన సిలికా నింపిన) కాలమ్‌లు పీహెచ్ 8 దాటితే పాడవుతాయి, కాబట్టి ఆ ద్రావణాన్ని తటస్థం చేయకుండా ఇంజెక్ట్ చేయకూడదు.

డీఎంఎస్‌ఓ సంగతి కూడా చాలామంది అడుగుతారు. పాలిమర్ కరుగుతుంది, మందూ కరుగుతుంది, పని సులువే. కాకపోతే డీఎంఎస్‌ఓ 268 నానోమీటర్ల కింద యూవీని మింగేస్తుంది. మీ మందు పీక్ మొదట్లోనే వచ్చేదైతే ద్రావకం చూపే ఆ పెద్ద పీక్ కింద కప్పబడిపోతుంది. మందు ఆలస్యంగా వచ్చేదైతే ఇబ్బంది లేదు.

కాలమ్‌ని కాపాడుకునే ఒక చిన్న పరీక్ష

ఎసిటోనైట్రైల్‌లో కరిగించిన గోళాలని విరగ్గొట్టకుండా నేరుగా ఇంజెక్ట్ చేస్తే ఏమవుతుంది? ఆ ద్రావణం నీరు ఎక్కువున్న మొబైల్ ఫేజ్‌ని (కాలమ్ గుండా పారే ద్రవం) తాకగానే పాలిమర్ కాలమ్ తలలోనే గడ్డకడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ తప్పు చేశాను. పొద్దున ఉన్న ప్రెషర్ సాయంత్రానికి రెట్టింపుకి దగ్గరైంది, పీక్‌లు చీలిపోయాయి, మర్నాటికి కాలమ్ పనికిరాకుండా పోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా సీనియర్ ఒక్క మాటే అన్నారు. తర్వాత పక్కకి పిలిచి ఈ పరీక్ష నేర్పారు.

చిన్న గాజు ట్యూబులో 1 మి.లీ. మొబైల్ ఫేజ్ తీసుకోండి. ఇంజెక్ట్ చేయబోయే శాంపిల్ రెండు చుక్కలు అందులో వేయండి. నల్ల కాగితం వెనక పెట్టి చూడండి. తేటగా ఉంటే ఇంజెక్ట్ చేయొచ్చు. మంచు పట్టినట్టు మసకబారితే అది కాలమ్‌లోకి వెళ్లకూడదు. నిమిషం కూడా పట్టని ఈ పనితో ఎన్నో కాలమ్‌లు బతుకుతాయి. దాంతో పాటు గార్డ్ కాలమ్ కూడా పెట్టుకోండి, పోతే చిన్నదే పోతుంది.

శాంపిల్ ద్రావకం మొబైల్ ఫేజ్ కంటే బాగా గాఢమైన ఆర్గానిక్ అయితే పీక్ ముందుకి వాలుతుంది, ఒక్కోసారి రెండుగా చీలుతుంది. ఇంజెక్షన్ పరిమాణం 20 మైక్రోలీటర్ల నుంచి 5కి తగ్గించి చూడండి. చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది.

ఫిల్టర్ విషయం. నైలాన్ ఫిల్టర్లు కొన్ని మందుల్ని, ప్రొటీన్లని పట్టుకుంటాయి. ఆర్గానిక్ ద్రావకాలకి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ఫిల్టర్ వాడుకోండి. ఏది వాడినా మొదటి 2–3 మి.లీ. పారబోసి ఆ తర్వాత వచ్చింది పట్టండి. సెంట్రిఫ్యూజ్ చేసిన ద్రవాన్నీ ఫిల్టర్ చేసిన ద్రవాన్నీ పక్కపక్కన ఇంజెక్ట్ చేసి పోలిస్తే ఫిల్టర్ మందు తినేస్తోందో లేదో తెలిసిపోతుంది.

యూవీ చాలదా అంటే

కొన్నిచోట్ల చాలు. ఈ మాట దాపరికం లేకుండా చెప్పాలి, ఎందుకంటే కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ దొరక్క పిల్లలు ఆందోళన పడతారు. పది పదిహేను బ్యాచ్‌లు చేసి ఏది మెరుగో తేల్చుకునే దశలో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచే పరికరం) సరిపోతుంది. కర్‌క్యుమిన్ లాంటివి 425 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం, అక్కడ పీఎల్‌జీఏ గానీ పీవీఏ గానీ అడ్డురావు. మందు లేకుండా చేసిన ఖాళీ గోళాలని అదే విధంగా తీసి బ్లాంక్‌గా పెట్టుకుంటే అంకె నమ్మదగ్గదే.

తరంగదైర్ఘ్యం కిందికి దిగేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. 210–220 నానోమీటర్ల దగ్గర పాలిమర్ ఎస్టర్ బంధాలు, లాక్టిక్ ఆమ్లం, ద్రావకం, అన్నీ తలో కాస్త కలుస్తాయి. పెప్టైడ్‌లని కొలిచేది సరిగ్గా అక్కడే. పెప్టైడ్ విషయంలో ఇంకా లోతైన సమస్య ఉంది. పీఎల్‌జీఏ లోపల ఆక్ట్రియోటైడ్ లాంటి పెప్టైడ్‌లకి లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల ముక్కలు అతుక్కుంటాయి. దాన్నే ఎసిలేషన్ అంటారు. యూవీకి అసలు పెప్టైడ్, అతుకుపడ్డ పెప్టైడ్ ఒకేలా కనిపిస్తాయి. హెచ్‌పీఎల్‌సీలో అవి వేరే పీక్‌లుగా విడిపోతాయి. కాబట్టి పెప్టైడ్ అయితే మొదటి రోజు నుంచే హెచ్‌పీఎల్‌సీ. స్టెబిలిటీ శాంపిల్స్, 37 డిగ్రీల బఫర్‌లో వారాలపాటు ఉన్న రిలీజ్ శాంపిల్స్ అయితే ఏ మందుకైనా హెచ్‌పీఎల్‌సీయే, అక్కడ మందు కూడా విరిగి ఉండవచ్చు.

డిటెక్టర్ల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. గోళాల్లో మందు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, యూవీ లేదా పీడీఏ (ఒకేసారి అనేక తరంగదైర్ఘ్యాలు చూసే డిటెక్టర్) చాలా వరకు సరిపోతుంది. డాక్సోరూబిసిన్ లాంటి సహజంగా మెరిసే మందుకి ఫ్లోరెసెన్స్ ఉంటే ఇంకా మంచిది. యూవీని అసలు పీల్చుకోని మందులకి ద్రావకాన్ని ఆవిరి చేసి మిగిలిన రేణువుల్ని కొలిచే ఈఎల్‌ఎస్‌డీ, సీఏడీ డిటెక్టర్లు ఉన్నాయి. ఈఎల్‌ఎస్‌డీ స్పందన సరళరేఖలో ఉండదని గుర్తుంచుకుని కాలిబ్రేషన్ వేయాలి. ఎల్‌సీ-ఎంఎస్ (మాస్ స్పెక్ట్రోమీటర్ జోడించిన యంత్రం) జంతువుల రక్తం శాంపిల్స్‌కి దాచుకోండి.

యూపీఎల్‌సీ 2004లో వచ్చింది. 1.7 మైక్రాన్ల రేణువులున్న కాలమ్, తక్కువ సమయం, తక్కువ ద్రావకం. పద్ధతి గట్టిపడ్డాక, వందల శాంపిల్స్ నడపాల్సి వచ్చినప్పుడు అది గొప్ప మేలు. కానీ పాలిమర్ ఇంకా శాంపిల్‌లో మిగిలిపోతోందేమో అన్న అనుమానం ఉన్న దశలో 5 మైక్రాన్ల, 250 లేదా 150 మి.మీ. సీ18 కాలమే మేలు. అది చిన్న చిన్న తప్పుల్ని ఓర్చుకుంటుంది, 1.7 మైక్రాన్ల కాలమ్ ఓర్చుకోదు. పెద్ద ప్రొటీన్లకైతే మామూలు సీ18 వద్దు, 300 ఆంగ్‌స్ట్రామ్ రంధ్రాలున్న సీ4 చూడండి.

మొబైల్ ఫేజ్‌లో ఎసిటోనైట్రైలా, మిథనాలా? పెప్టైడ్‌లకి, తక్కువ తరంగదైర్ఘ్యానికి ఎసిటోనైట్రైల్. దాని యూవీ హద్దు 190, మిథనాల్‌ది 205 నానోమీటర్లు. మిగతావాటికి మిథనాల్‌తో పనయ్యేట్టు చూసుకుంటే ఖర్చు తగ్గుతుంది, ప్రెషర్ కాస్త పెరుగుతుంది. ఎసిటోనైట్రైల్‌ని ప్రధానంగా ఎక్రిలోనైట్రైల్ తయారీలో ఉపఉత్పత్తిగా తీస్తారు. ఆ పరిశ్రమ మందగించిన 2008–09లో ప్రపంచమంతా ఎసిటోనైట్రైల్‌కి కటకటలాడింది. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ కొత్త పద్ధతి మొదలెట్టేటప్పుడు ముందు మిథనాల్‌తోనే ప్రయత్నిస్తారు.

లెక్కలో దొర్లే పొరపాట్లు

100 మి.గ్రా. మందు, 400 మి.గ్రా. పాలిమర్‌తో మొదలుపెట్టారనుకుందాం. అనుకున్న లోడింగ్ (గోళాల బరువులో మందు వాటా) 20 శాతం. 10 మి.గ్రా. గోళాలని పైన చెప్పినట్టు 10 మి.లీ. చేస్తే, అంతా లోపలే ఉంటే, మి.లీ.కి 200 మైక్రోగ్రాములు రావాలి. 150 వచ్చింది. అంటే అసలు లోడింగ్ 15 శాతం. 15ని 20తో భాగిస్తే ఎన్‌ట్రాప్‌మెంట్ 75 శాతం.

ఇదే బ్యాచ్‌లో ఆఖరికి చేతికొచ్చిన గోళాలు 400 మి.గ్రా. మాత్రమే అనుకోండి. వాటిలో ఉన్న మందు 60 మి.గ్రా. మొదట వేసింది 100. ఈ లెక్కన 60 శాతం. రెండూ తప్పు కాదు, కానీ ఒకే పేరుతో రెండింటినీ రాస్తే ఎవరి పనితో ఎవరి పనీ పోల్చలేం. ఏ సూత్రం వాడారో రాయండి, ఈల్డ్ (ఆఖరికి చేతికొచ్చిన గోళాల బరువు) కూడా పక్కనే రాయండి. లోడింగ్ శాతాన్ని మాత్రం ఎప్పుడూ వదలకండి. డాక్టరుకి కావాల్సింది అదే.

మూడుసార్లు చేశాం అన్నప్పుడు ఒకే వయల్‌ని మూడుసార్లు ఇంజెక్ట్ చేయడం కాదు. అది మెషీన్ ఎంత స్థిరంగా ఉందో చెబుతుంది, మీ గోళాల గురించి ఏమీ చెప్పదు. మూడు వేర్వేరు తూకాలు, మూడు వేర్వేరు ఎక్స్‌ట్రాక్షన్లు కావాలి. గోళాలు స్థిర విద్యుత్‌తో బటర్ పేపర్‌కి అంటుకుంటాయి, అందుకే నేరుగా ఫ్లాస్క్‌లోకి తూచమన్నాను.

వ్యాలిడేషన్ (పద్ధతి నమ్మదగ్గదని రుజువు చేయడం) విషయానికొస్తే ఐసీహెచ్ (మందుల ప్రమాణాల అంతర్జాతీయ మండలి) క్యూ2 మార్గదర్శకం రెండో సవరణ 2023 నవంబరులో ఖరారైంది. లీనియారిటీకి కనీసం 5 గాఢతలు, ఆక్యురసీకి 3 స్థాయిల్లో కనీసం 9 నిర్ధారణలు అన్నది పాతవాళ్లకీ తెలిసిందే. ఇక్కడ ఒక్క హెచ్చరిక చేయాలి. ఖాళీ గోళాలకి మందు కలిపి రికవరీ చూస్తాం కదా, ఆ మందు గోళం బయట ఉంది. ఎసిటోనైట్రైల్‌తో గోళం పూర్తిగా కరిగే పద్ధతిలో అయితే తేడా లేదు. నానబెట్టే పద్ధతిలో మాత్రం బయటున్న మందు సునాయాసంగా వచ్చేసి రికవరీ 99 చూపిస్తుంది, లోపలున్నది లోపలే ఉండిపోతుంది. ఆ అమ్మాయి రికవరీ పట్టిక కూడా సరిగ్గా అలాగే మచ్చలేకుండా ఉంది. పెలెట్ పరీక్ష ఒక్కటే దీన్ని బయటపెడుతుంది.

మన ఊళ్లో చేసేటప్పుడు

డీసీఎమ్ మరిగేది 40 డిగ్రీల దగ్గర. మే నెలలో హైదరాబాద్ మధ్యాహ్నం ఆ అంకెని తాకుతుంది, దాటుతుంది కూడా. కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో, డీసీఎమ్‌తో మార్కు దాకా నింపిన ఫ్లాస్క్ మూత తీసి పదినిమిషాలు వదిలేస్తే గీత కింద ఖాళీ కనిపిస్తుంది. మందు అక్కడే ఉంటుంది, ద్రావకం పోయింది, గాఢత పెరిగింది, ఎన్‌ట్రాప్‌మెంట్ నూటికి పైన వస్తుంది. కాబట్టి డీసీఎమ్‌తో ఎప్పుడూ వాల్యూమ్ మేకప్ చేయకండి. దాన్ని కరిగించడానికి మాత్రమే వాడి, కొలత అంతా నీటి పొరలోనే ఉంచుకోండి. లేదా డీసీఎమ్‌ని పూర్తిగా ఆవిరి చేసి, మిగిలినదాన్ని ఎసిటోనైట్రైల్–మిథనాల్‌లోకి తీసుకోండి. ఇదంతా ఫ్యూమ్ హుడ్ కిందే, గ్లవ్స్‌తో.

వానాకాలంలో ఇబ్బంది వేరు. ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల దగ్గరుంచిన వయల్‌ని తీయగానే మూత తెరిస్తే గాలిలోని తేమ గోళాల మీద చెమ్మగా చేరుతుంది. తూకంలో నీరు కలుస్తుంది, లోడింగ్ తగ్గినట్టు కనిపిస్తుంది. వయల్‌ని మూతతోనే గది వేడికి రానిచ్చి ఆ తర్వాత తెరవండి.

కాలేజీలో మెషీన్ దొరకకపోతే నాచారం, మల్లాపూర్, బాలానగర్, జీడిమెట్ల చుట్టుపక్కల బయటి శాంపిల్స్ తీసుకునే టెస్టింగ్ ల్యాబ్‌లు ఉన్నాయి. గోళాల పొడి ఇచ్చి "డ్రగ్ కంటెంట్ చేసిపెట్టండి" అని వదిలేసి రాకండి. ఆ అమ్మాయి చేసింది అదే, వాళ్లు చెప్పిన మిథనాల్ పద్ధతినే తర్వాత తనూ పాటించింది. ఎక్స్‌ట్రాక్షన్ మీరే చేసి ద్రావణాలు పట్టుకెళ్లండి, లేదా మీ ఎదురుగా చేయమనండి. ఇంజెక్షన్ లెక్కన డబ్బు తీసుకుంటారా, శాంపిల్ లెక్కనా అని ముందే అడగండి. క్రోమటోగ్రామ్‌లు బేస్‌లైన్ దగ్గరికి పెద్దవి చేసి ఇవ్వమనండి, ఉత్త ఏరియా పట్టిక చాలదు.

ఒకే రోజు మెషీన్ దొరికితే నేను నడిపించే వరుస ఇది. ముందు డైల్యుయెంట్ (శాంపిల్‌ని కరిగించే ద్రావకం) ఒక్కటే. తర్వాత ఖాళీ గోళాల ద్రావణం, మందు పీక్ వచ్చే చోట ఏమీ లేచి నిలబడకూడదు. తర్వాత ఐదు గాఢతల స్టాండర్డ్‌లు, మధ్య స్టాండర్డ్‌ని ఇంకో ఐదుసార్లు. తర్వాత మూడు తూకాల శాంపిల్స్, వాటి వెనకే మూడు పెలెట్‌లు. చివర్లో మధ్య స్టాండర్డ్ మళ్లీ ఒకసారి, పొద్దుటి ఏరియాతో సరిపోతోందో లేదో చూడటానికి. ఆ తర్వాత మొబైల్ ఫేజ్‌లో బఫర్ ఉంటే ముందు నీళ్లు ఎక్కువున్న మిశ్రమంతో ఉప్పు కడిగేసి, ఆపైన 90 శాతం ఎసిటోనైట్రైల్‌తో అరగంట కాలమ్ కడగాలి.

ఆ అమ్మాయి జులైలో మళ్లీ వచ్చింది. మొదట చేసిన బ్యాచ్‌లే, ఫ్రిజ్‌లో దాచిపెట్టుకున్నవి, ఈ వరుసలోనే నడిపింది. మూడు పెలెట్‌ల క్రోమటోగ్రామ్‌లూ టేబుల్ మీద పరిచింది. మందు పీక్ రావాల్సిన చోట బేస్‌లైన్ గీత గీసినట్టు ఉంది.